బాయిలర్ అంకుల్ కాపలా కాసిన చలికాలాలు

రెండు వారాల కిందట ఒక గురువారం పొద్దున కేర్ హోమ్‌లో షిఫ్ట్ ముగించుకుని బస్సెక్కాను. సీటు దొరికి కళ్ళు మూసుకున్నానో లేదో ఫోన్ మోగింది. దేశం అవతలి కొసనున్న సర్రీ నుంచి బాయిలర్ అంకుల్ కూతురు. ఆవిడ ఎప్పుడూ మెసేజ్ పెడుతుందే తప్ప ఫోన్ చేయదు. అందుకే ఎత్తకముందే విషయం తెలిసిపోయింది.

"నాన్న ఈజ్ గాన్," అంది. తర్వాత తెలుగులో, ఒక్కో మాటా వెతుక్కుంటూ, "నిద్రలోనే. నొప్పి లేదు అని నర్స్ చెప్పింది. నీకు ఫస్ట్ చెప్పాలి అనిపించింది," అంది.

"సరే అక్కా," అన్నాను. ఫోన్ పెట్టేసి కూర్చునేసరికి నేను దిగాల్సిన స్టాప్ దాటిపోయింది. తర్వాతి స్టాప్‌లో దిగి మంచులో వెనక్కి నడిచాను. బూట్లలోకి నీళ్ళు వచ్చాయి. దారి పొడవునా ఏడుపు రాలేదు. ఆయన ఎప్పుడూ అనే ఒక మాట మాత్రం చెవిలో తిరుగుతూ ఉంది. "తడి సాక్సులతో దేని గురించీ ఆలోచించకమ్మా. ముందు అవి మార్చు." గదికి వెళ్ళి సాక్సులు మార్చుకున్నాను. ఆ తర్వాత మంచం అంచున కూర్చుని ఏడ్చాను.

ఆయన నాకు చుట్టం కాదు. కెనడాలోని హాలిఫాక్స్‌లో ఫెర్రీ ఎక్కి హార్బర్ దాటితే వచ్చే డార్ట్‌మత్‌లో మా పక్కింటాయన. విశాఖ పక్కన పుట్టి, ఓడల ఇంజన్ రూముల్లో దేశాలు తిరిగి, చివరికి ఈ రేవులో దిగి ఇక్కడే ఉండిపోయారు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఒక పెద్దాసుపత్రి బాయిలర్ హౌస్‌లో పనిచేశారు. వార్డులన్నింటికీ వేడి, వేడినీళ్ళు పంపేది అక్కడి నుంచే. అందుకే పిల్లలందరం ఆయన్ని బాయిలర్ అంకుల్ అనేవాళ్ళం. మొదట్లో వెనకాల అనేవాళ్ళం, తర్వాత ఎదుటే అనడం మొదలుపెట్టాం. ఆయన ఏమీ అనుకోలేదు.

నేను వచ్చింది కాలేజీలన్నీ మనవాళ్ళతో నిండిపోయిన ఏడాది. ఫెర్రీలో తెలుగు, బస్సులో తెలుగు, మనుషులు కావాలని బోర్డు పెట్టిన ప్రతి కాఫీ షాపు ముందూ తెలుగు. దొరకనిది ఇల్లే. నాకూ, గుంటూరు నుంచి వచ్చిన సౌమ్యకూ, హోటల్లో పనిచేసే ఇంకో అమ్మాయికీ కలిపి ఒక పాత చెక్క ఇంటి బేస్‌మెంట్ దొరికింది. దొరకడమే గొప్ప అనుకున్నాం. గోడల అడుగున పొడుగాటి కరెంటు హీటర్లు మూడు ఉండేవి. రెండు పనిచేసేవి. మూడోది వేడెక్కదు గానీ కాలిన వాసన మాత్రం వచ్చేది. పొద్దున కాలేజీ, మధ్యాహ్నం నుంచి పని, వచ్చాక అసైన్‌మెంట్లు. ఇంట్లో ఉన్న కాసేపూ కోటు విప్పేవాళ్ళం కాదు. చలి వల్ల నిద్ర పట్టకపోవడం ఒకటైతే, నిద్ర లేక చలి ఇంకా ఎక్కువ అనిపించడం ఇంకొకటి. ఏది ముందో, ఏది వెనకో చెప్పలేని రోజులు.

బేస్‌మెంట్‌లో ఫోన్ సరిగా పలికేది కాదు. మొదటి డిసెంబర్‌లో ఒకరోజు మెట్ల మీద నిలబడి అమ్మతో మాట్లాడుతున్నాను. "ఏం చలి లేదమ్మా. ఇంట్లనైతే మస్తు వెచ్చగుంది," అని చెప్పి ఫోన్ పెట్టేశాను.

"అబద్ధం ఎందుకమ్మా చెప్తావు? ముక్కు చూడు, పండు మిరపకాయలా ఉంది," అని వెనక నుంచి ఎవరో అన్నారు.

తిరిగి చూస్తే మంకీ క్యాప్ పెట్టుకున్న పెద్దాయన. చేతిలో మంచు ఎత్తే పార. ఆ వీధిలో తెలుగు వినిపిస్తుందని నేను అనుకోలేదు. "అమ్మ భయపడతదని, అంకుల్," అన్నాను.

"అది సరేగాని, మీ కిటికీ చూశావేటి? అద్దానికి లోపల్నించి మంచు కట్టింది. బయట కట్టాల్సింది లోపల కడుతోందంటే మీరు లోపల ఏటో చేస్తున్నారు. అన్నం మూత పెట్టకుండా వండుతున్నారా? తడి బట్టలు గదిలో ఆరేస్తున్నారా?"

రెండూ చేస్తున్నాం. ఆయన పారకు ఆనుకుని, పాఠం చెప్పినట్టు చెప్పారు. అన్నం ఆవిరి, బట్టల తడి, మన ఊపిరి అన్నీ వెళ్ళి చల్లటి అద్దం మీద గడ్డకడతాయి. అవి కరిగి గోడలోకి దిగుతాయి. తడి గోడ వేడిని మింగుతూనే ఉంటుంది. "పచ్చి కట్టెలతో పొయ్యి పెట్టినట్టే అమ్మా. ఎంత కాల్చినా వెచ్చబడదు." అంత చెప్పి, నడుం పట్టుకుని, వాళ్ళింటి వైపు వెళ్ళిపోయారు. పేరు కూడా అడగలేదు.

ఆదివారం పొద్దున ఒక సంచితో వచ్చారు. లోపలికి వస్తూనే అగరొత్తి తీసి వెలిగించారు. సౌమ్య చెప్పులు విప్పి చేతులు జోడించబోయింది.

"దేవుడికి కాదమ్మా ఇది, దొంగకి. ఎటునుంచి దూరుతున్నాడో చూపిస్తాది," అన్నారు.

అగరొత్తిని కిటికీ చట్రం పొడవునా, తలుపు కింద, గోడలో పైపులు దూరే చోట మెల్లగా జరిపారు. నిటారుగా లేచే పొగ కొన్ని చోట్ల ఉన్నట్టుండి వంగేది, కొన్ని చోట్ల చెదిరిపోయేది. అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టారు. తర్వాత ఆ సందులన్నింటిలో స్పాంజి పట్టీలు అంటించారు. మోకాళ్ళు నొప్పెడుతున్నా నేల మీద కూర్చునే కిటికీలకు పల్చటి ప్లాస్టిక్ కాగితం అతికించారు. మా హెయిర్ డ్రయ్యర్ అడిగి తీసుకుని దాని మీద వేడి గాలి కొడితే, ముడతలన్నీ పోయి ఆ ప్లాస్టిక్ తప్పెటలా బిగిసింది. వేలితో తడితే మోగింది. ఆయన ముఖంలో ఆ రోజు మొదటిసారి నవ్వు చూశాను.

హీటర్లకు ఆనించి ఉన్న మా పరుపులను జానెడు దూరం జరిపించారు. మీద ఆరేసిన బట్టలు తీయించారు. చివరికి సీలింగ్ మీదున్న గుండ్రటి తెల్ల డబ్బా వైపు వేలు చూపించారు. వాసనా రంగూ లేని విషవాయువు ఇంట్లో చేరితే అరిచి లేపే అలారం అది.

"అది పని చేస్తోందా?"

"చేస్తుంది అంకుల్," అన్నాను.

ఆయన స్టూలు వైపు చూశారు, మోకాలు రుద్దుకున్నారు, మళ్ళీ డబ్బా వైపు చూశారు. "సరే," అని వెళ్ళిపోయారు.

అది పనిచేయడం లేదు. రెండు వారాల ముందు దాని బ్యాటరీ అయిపోవచ్చి నిమిషానికోసారి కిచ్‌మని అరవడం మొదలుపెట్టింది. రెండు షిఫ్టులు వరసగా చేసి వచ్చి పడుకున్న నేను, పదోసారో ఇరవయ్యోసారో అరిచాక, కుర్చీ ఎక్కి బ్యాటరీ పీకి డ్రాయర్లో పడేశాను. కొత్తది కొనాలనుకున్నాను. అనుకున్నవన్నీ రేపటికి తోసేస్తూ బతుకుతున్న రోజులవి.

ఆ చలికాలం నుంచి ఆయనింటికి రాకపోకలు మొదలయ్యాయి. ఆంటీ పోయి అప్పటికి నాలుగేళ్ళు. ఒక్కరే ఉండేవారు. పొద్దున రాగిజావ, మధ్యాహ్నం చారన్నం, సాయంత్రం టీ. ఇల్లు మరీ వెచ్చగా ఉంచేవారు కాదు. "ఇంటిని తర్వాత, ముందు మనిషిని వెచ్చబెట్టాలి," అని స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకునేవారు. మాకు ఒక్కొక్కరికి రబ్బరు వేడినీళ్ళ సంచీ ఇచ్చి, అది పొట్ట మీద కాదు, పాదాల దగ్గర పెట్టుకుని పడుకోమని నేర్పారు. ఆయన ఇంటి కింద గదిలో పాత ఆయిల్ బాయిలర్ ఒకటి ఉండేది. సాయంత్రాలు దాని పక్కన స్టూలేసుకుని కూర్చునేవారు. ఏం చేస్తారని అడిగితే, "ఏటీ లేదు. వింటాను," అనేవారు. ఆంటీ ఉన్నప్పుడు ఆవిడ మాట వినకుండా దీని దగ్గర కూర్చునేవాణ్ణని తిట్టేదట. ఇప్పుడు తిట్టే మనిషి లేక, ఉన్న చప్పుడు ఇదొక్కటే అనేవారు.

ఆయన గొప్ప ఓపిక ఉన్న మనిషి అని రాస్తే అబద్ధమవుతుంది. విసుక్కునేవారు. ఎవరో ఆయన నంబర్ స్టూడెంట్స్ గ్రూపులో పెట్టారు. హీటింగ్ ప్రాబ్లమా, బాయిలర్ అంకుల్‌కి ఫోన్ కొట్టండి అని. ఇక ఆ ఫోన్ ఆగలేదు. మా వీధిలోనే కాదు, ఫెర్రీ అవతల నుంచి కూడా. హీటర్ రావట్లేదు, పైపు గడ్డకట్టింది, గోడకి బూజు పట్టింది. "నేనేమైనా మునిసిపాలిటీ వాణ్ణా? నలభై ఏళ్ళు వేడి దగ్గరే నిలబడ్డాను. అలిసిపోయానమ్మా," అనేవారు. అంటూనే బూట్ల లేసులు కట్టుకునేవారు. మేం నవ్వేవాళ్ళం. అలిసిపోయానని ఒక పెద్దాయన చెప్తుంటే ఎందుకు నవ్వామో ఇప్పుడు ఆలోచిస్తే నాకు అర్థం కాదు. బహుశా అందరం అలిసిపోయే ఉన్నాం కాబట్టి, ఆ మాటకు విలువ లేకుండా పోయిందేమో.

ఫిబ్రవరిలో తుఫాను వచ్చింది. ముందు వాన, అది పడుతూనే గడ్డకట్టి, దాని మీద మంచు. శనివారం పొద్దున కరెంటు పోయింది. మూడో అమ్మాయి హోటల్లోనే చిక్కుకుపోయింది. పై అంతస్తు వాళ్ళు ఎవరో స్నేహితుల ఇంటికి వెళ్ళిపోయారు. శనివారం సాయంత్రం అంకుల్ వచ్చి తలుపు కొట్టారు. "కరెంటు లేక నా బాయిలర్ కూడా ఆగిపోయింది. కానీ ముందు గదిలో కట్టెల పొయ్యి ఉంది. వొచ్చీండి, ముగ్గురం సర్దుకుందాం," అన్నారు.

"పర్లేదు అంకుల్, మేం బాగనే ఉన్నం," అన్నాను. ఆయన్ని ఇంకా ఇబ్బంది పెట్టడమెందుకనే మొహమాటం. పైగా లేచి, మూట కట్టుకుని, ఆ మంచులో నాలుగడుగులు వేయడానికి కూడా మాకు ఒంట్లో ఓపిక లేదు.

ఆదివారం పొద్దునకు గది ఐస్ పెట్టెలా అయింది. మాట్లాడితే ఆవిరి కనిపిస్తోంది. సౌమ్య వెనక పెరట్లోకి వెళ్ళి, మాకంటే ముందున్న వాళ్ళు వదిలేసిన చిన్న ఇనప గ్రిల్లూ, సగం సంచి బొగ్గులూ తెచ్చింది.

"కుంపటి పెడదామే. మా అమ్మమ్మ బాలింతల గదిలో పెట్టేది. ఎవరికీ ఏం కాలా," అంది.

"పొగొస్తది గదా?"

"బయటే రాజేసి, ఎర్రగా అయ్యాక తెద్దాం. నిప్పులకి పొగ ఉండదు."

నిజంగానే పొగ రాలేదు. గది మధ్యలో ఎర్రటి నిప్పులు. చేతులు చాపి కూర్చున్నాం. రెండు రోజుల్లో మొదటిసారి వేళ్ళకు స్పర్శ తెలిసింది. "ఎందుకైనా మంచిది, కిటికీ జరంత తెరుద్దామా?" అన్నాను.

"ప్లాస్టిక్ చింపాలి కదే. పాపం, అంకుల్ మోకాళ్ళ నొప్పులతో కూర్చుని అంటించారు. చింపితే తిడతారు," అంది సౌమ్య.

వాళ్ళ అమ్మమ్మ గది పెంకుటింటి గది. గాలి ఎటు పడితే అటు దూరేది. మాది అంకుల్ ఒక్క సందు లేకుండా బిగించిన గది. ఆ తేడా మా ఇద్దరికీ తట్టలేదు.

కొంతసేపటికి తల దిమ్ముగా అనిపించింది. సౌమ్య కడుపులో తిప్పుతోందని పడుకుంది. నేనూ పక్కనే వాలాను. అది ఆపద అని నాకు తెలియకపోవడానికి కారణం ఒకటే. తలనొప్పి, వికారం, కాళ్ళలో సత్తువ లేకపోవడం, కళ్ళు మూతలు పడటం, ఇవేవీ నాకు కొత్త కాదు. ఆ ఏడాదంతా నా ఒళ్ళు అలాగే ఉంది. అలసటకూ విషానికీ తేడా తెలియనంతగా అలిసిపోయి ఉన్నాను. హాయిగా ఉంది కూడా. ఆదివారం, పని లేదు, వెచ్చగా ఉంది, నిద్రపోవచ్చు అనుకున్నాను.

తర్వాత గుర్తున్నది అద్దం పగిలిన చప్పుడు. ముఖం మీద కత్తిలాంటి చలి. ఎవరో చాలా దూరం నుంచి నన్ను తిడుతున్నారు. "లెగు! లెగమ్మా! తలుపు తియ్యి! పాకైనా రా!" పగిలిన కిటికీలోంచి ఒక చేయి ప్లాస్టిక్‌ను చింపుతోంది. దాని మీదంతా రక్తం. నేను నిజంగా పాకాను. తలుపు గొళ్ళెం తీయడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. ఆయన లోపలికి వచ్చి, ముక్కుకు మఫ్లర్ అడ్డం పెట్టుకుని, సౌమ్యను దుప్పటితో సహా నేల మీద ఈడ్చుకుంటూ మంచులోకి తెచ్చి పడేశారు. డెబ్భై దాటిన మనిషి. ఎదురింటావిడ ఫోన్ చేస్తే అంబులెన్సూ, ఫైరింజనూ వచ్చాయి.

మధ్యాహ్నం మాకు వేడి టీ తెద్దామని వచ్చారట. తలుపు కొడితే ఎవరూ పలకలేదు. వెళ్ళిపోబోతూ, వెనక గుమ్మం దగ్గర మంచులో బొగ్గుల సంచి చూశారు. ఇక తలుపు కొట్టలేదు. పార అందుకున్నారు.

ఆసుపత్రిలో మా ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టారు. ఆయన చేతికి కుట్లు వేయించుకుని వచ్చి మా మంచాల మధ్య కుర్చీలో కూర్చున్నారు. మాస్క్ లోంచే సౌమ్య ఏడుస్తూ, "సారీ అంకుల్, సారీ," అంటూ ఉంది. "మాట్లాడకమ్మా. గాలి పీల్చు," అన్నారు.

మేం కోలుకుని వచ్చాం. కిటికీకి కొత్త అద్దం వచ్చింది. ఆయన మాత్రం రాలేదు. మూడు వారాలు. ఇంటి ముందు మంచు ఎత్తుతూ కనిపిస్తే నేను చేయి ఊపేదాన్ని. ఆయన తల ఊపి లోపలికి వెళ్ళిపోయేవారు. కోపం వచ్చిందనుకున్నాం. రావాల్సిందే కదా అనుకున్నాం. చివరికి ఒక సాయంత్రం నేనే వెళ్ళాను. కింద గదిలో బాయిలర్ పక్కన ఉన్నారు. నేను బోర్లించిన పెయింట్ డబ్బా మీద కూర్చున్నాను.

"అంకుల్, మీకో మాట చెప్పాలె. ఆ రోజు అలారం పని చేస్తోందా అని అడిగితే చేస్తుందని అబద్ధం చెప్పిన. బ్యాటరీ నేనే తీసేసిన."

ఆయన నా వైపు తిరగలేదు. "తెలుసు. ఫైర్ వాళ్ళు చూపించారు. డొల్లగా ఉంది," అన్నారు.

"మరి కోపం రాలేదా?"

"నీ మీద ఏటి కోపం? చిన్నపిల్లవి. నిద్ర చాలక తీసీశావు." కుట్లు మానుతున్న చేతిని ఇంకో చేత్తో పట్టుకున్నారు. "నలభై ఏళ్ళు బాయిలర్ల కాడ పనిచేసినోణ్ణి. ప్రెషర్ బాగానే ఉందని ఎవడైనా చెప్తే, వెళ్ళి గేజి చూడకుండా నమ్మిన రోజు ఒక్కటి లేదు. మీ ఇంట్లో స్టూలెక్కడానికి బద్ధకించాను. మోకాలు నొప్పని. నువ్వు చెప్పిన మాట విని వొచ్చీశాను. పైగా సందులన్నీ నేనే మూసీశాను. ఆ సందులుంటే మీకు చలేసేది. చలేస్తే ఏమీ కాదు, తిట్టుకుంటూ కూర్చునుండేవారు."

"ఇప్పుడైనా ఏం కాలే కదా అంకుల్. బతికే ఉన్నం."

"ఆఁ, ఉన్నారు," అన్నారు. బాయిలర్ వైపు చూస్తూ, "ఇల్లు బిగించినోడు ఊపిరికి దారి చూడాలి. అది మొదటి పాఠం. ఎంతమందికో నేర్పాను. నేను మర్చిపోయాను," అన్నారు.

తప్పు నాదని చెప్పుకుని తేలికపడదామని వెళ్ళాను. ఆయన కూడా తన వంతు చెప్పేసరికి ఎవరూ తేలికపడలేదు. కానీ ఆ సాయంత్రం తర్వాత మా మధ్య మొహమాటం పోయింది. బాగానే ఉన్నాం అనే మాట మళ్ళీ ఆయన దగ్గర వాడలేదు.

మరుసటి చలికాలం నుంచి ఆయన కొత్త అలవాటు చేసుకున్నారు. అక్టోబర్ రాగానే, మాలాంటి పిల్లలున్న ఇళ్ళన్నింటికీ వెళ్ళేవారు. స్టూలెక్కలేరు కాబట్టి చేతికర్రతో సీలింగ్ మీది అలారం బటన్ నొక్కేవారు. చెవులు చిల్లులు పడేలా అది అరిచేది. "ఇప్పుడివ్వండి టీ," అనేవారు. బ్యాటరీ లేకపోతే జేబులోంచి తీసి ఇచ్చేవారు. వరండాలో బొగ్గుల గ్రిల్ కనిపిస్తే, ఇంట్లో వాళ్ళందరినీ వరసగా నిలబెట్టి మా కథ చెప్పేవారు. మా పేర్లు చెప్పేవారు కాదు. "ఇద్దరు బంగారంలాంటి పిల్లలు," అని మొదలుపెట్టేవారు. కొత్తగా వచ్చిన వాళ్ళకు అది చాదస్తంగా ఉండేది. కొందరు తలుపు తీసేవారు కాదు. ఆయన వీధిలో నిలబడి, లైట్ వెలుగుతున్న కిటికీ వైపు చూసి, "రేపొస్తాన్లే," అని తనలో తాను అనుకుని పక్కింటికి నడిచేవారు.

మూడో చలికాలానికి మోకాళ్ళు ఇక సహకరించలేదు. నేనే వెళ్ళేదాన్ని. ఫోన్ స్పీకర్లో పెట్టి బటన్ నొక్కితే, అటు నుంచి ఆయన విని, "ఆఁ, పోనీ, తర్వాతి ఇంటికి పద," అనేవారు. అప్పటికి నా చదువైపోయింది. కేర్ హోమ్‌లో ఉద్యోగం, ఇక్కడే ఉండిపోవడానికి ఇచ్చే పీఆర్ కోసం ఎదురుచూపు. తర్వాత హార్బర్ అవతలికి ఇల్లు మారాను. సౌమ్య పెళ్ళి చేసుకుని లండన్ వెళ్ళిపోయింది, ఒంటారియోలో ఉన్న లండన్. ఆయన్ని చూడటానికి వారానికోసారి వెళ్ళేదాన్ని, తర్వాత నెలకోసారి. రోజంతా ముసలివాళ్ళకు స్నానాలు చేయించి, తిండి తినిపించి, దుప్పట్లు కప్పి వచ్చాక, ఇంకొక పెద్దాయన దగ్గరికి ఫెర్రీ ఎక్కి వెళ్ళే ఓపిక ఉండేది కాదు. ఇది సాకు కాదు, సాకు అయినా ఇదే నిజం. మా అందరి ఇళ్ళూ చూసిన మనిషి గుమ్మం ముందు మంచు ఎవరు ఎత్తుతున్నారని మాలో ఒక్కరమూ అడగలేదు. ఆయనే ఎత్తుకునేవారని ఎదురింటావిడ మొన్న చెప్పింది. నాలుగు పారలు ఎత్తి, మెట్టు మీద కూర్చుని, మళ్ళీ లేచి నాలుగు పారలు.

పోయిన నెల గుండె నీరసించిందని ఆసుపత్రిలో చేర్చారు. ఒకప్పుడు ఆయన వేడి పంపిన ఆసుపత్రే. నేను వెళ్ళేసరికి కళ్ళు మూసుకుని ఉన్నారు. నిద్రపోతున్నారనుకుని కుర్చీ మెల్లగా లాక్కున్నాను.

"వింటున్నానమ్మా," అన్నారు.

కిటికీ కింద రేడియేటర్ సన్నగా గుసగుసలాడుతోంది. "కింద వాళ్ళు బాగానే నడుపుతున్నారు. తేడా ఏటీ లేదు," అన్నారు. మెచ్చుకోవడం ఆయనకు అంత సులువుగా వచ్చేది కాదు. అందుకే ఆ మాట నాకు బాగా గుర్తుండిపోయింది.

తర్వాత కళ్ళు తెరిచి నన్ను చూశారు. పీఆర్ వచ్చిందా, పెళ్ళెప్పుడు, ఇంటికెప్పుడు వెళ్తున్నావు అని అందరూ అడుగుతారు. ఆయన, "నిద్ర సరిపోతోందా?" అని అడిగారు.

"లేదు అంకుల్," అన్నాను.

"మరి ఇంటికెళ్ళి పడుకో. నాకేటి, ఇక్కడ వెచ్చగా ఉంది," అన్నారు. నేను వెంటనే లేవలేదు. ఆయన చేయి పట్టుకుని కాసేపు కూర్చున్నాను. బొటనవేలు కింద అద్దం కోసిన మచ్చ తెల్లగా, గట్టిగా తగిలింది. తర్వాత నిజంగానే ఇంటికెళ్ళి పడుకున్నాను. అదే ఆఖరిసారి.

కూతురు వచ్చింది. దహనం రోజున అక్కడి హాల్లో కుర్చీలు చాలలేదు. ఆసుపత్రిలో ఆయనతో పనిచేసిన ఇద్దరు తెల్లవాళ్ళు, ఎదురింటావిడ, మిగతా అంతా మా వయసు వాళ్ళు, పని యూనిఫామ్‌ల మీద కోట్లు వేసుకుని వచ్చినవాళ్ళు. చాలామంది నిలబడే ఉన్నారు. కొందరు గోడకానుకుని నిద్రపోయారు. కూతురు వాళ్ళని చూసి నా వైపు వంగి, "హూ ఆర్ ఆల్ దీజ్ కిడ్స్?" అని అడిగింది. "పక్కింటోళ్ళు, అక్కా," అన్నాను.

ఆవిడ సెలవు అయిపోయి తిరిగి వెళ్తూ ఇంటి తాళం చెవి నా చేతిలో పెట్టింది. ఇల్లు అమ్మేదాకా బాయిలర్ ఆపకూడదు. ఆపితే పైపుల్లో నీళ్ళు గడ్డకట్టి గోడలు పగులుతాయి. అందుకని సన్నగా ఉంచింది. రెండు రోజులకోసారి వెళ్ళి అంతా సరిగా ఉందో లేదో చూసి రమ్మంది.

నిన్న షిఫ్ట్ దిగి వెళ్ళాను. ఆయన చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి. ఏ గదిలోనూ చప్పుడు లేదు. వంటింట్లో కుళాయి తిప్పి చూశాను, నీళ్ళు వచ్చాయి. కట్టేశాను. తాళం వేసి వీధి చివర బస్ స్టాప్‌లో నిలబడ్డాను. గాలి లేదు. ఆ ఇంటి పొగగొట్టంలోంచి తెల్లటి ఆవిరి సన్నగా, నిటారుగా లేస్తోంది. దారిన పోయే ఎవరైనా చూస్తే లోపల మనిషి ఉన్నాడనే అనుకుంటారు. బస్సొచ్చింది. కిటికీ పక్క సీట్లో కూర్చున్నాను. వీధి మలుపు తిరిగేదాకా ఆ ఆవిరి కనిపిస్తూనే ఉంది.